బండిలోని కవ్వము

సోదరీమణులారా! ఆవకాయకు బూజు పట్టకుండుటకు ఉపాయములును, పసిబిడ్డల దగ్గునకు గృహవైద్యములును, పట్టుచీరల మఱకలు పోగొట్టు మార్గములును చదువుటకై ఈ పత్రికను విప్పు మీకు, ఈ మాసము మేము కారులోని యొక యినుపముద్దను గూర్చి వ్రాయబూనుట వింతగా తోపవచ్చును. “ఈమెకు బండి మరమ్మతుతో పని యేమి?” అని మీ రడుగవచ్చును. మొన్నమొన్నటి వఱకు మేమును ఆ ప్రశ్ననే వేసికొనుచు నోరు మెదపక కూర్చుంటిమి. ఆ మౌనము వలన మా యింట నొక రాత్రి యేమి జరుగబోయి తప్పిపోయినదో చెప్పుటకే ఈ నాలుగు మాటలును.

మాది ఏర్పేడు. తిరుపతి నుండి శ్రీకాళహస్తికి బోవు బాటలో రేణిగుంట దాటిన పిమ్మట వచ్చు నూరు. గూడూరు రైలుమార్గము మా యూరి మీదుగనే పోవును. వేంకటగిరికి బోవు దారి యిచ్చటనే చీలును. 1926లో మలయాళస్వామివారు ఇచ్చట వ్యాసాశ్రమమును నెలకొల్పి, స్త్రీలకును శాస్త్రములు చదువు నధికారము గలదని బోధించిరి. 2015లో తిరుపతి పేర ప్రారంభింపబడిన ఐ.ఐ.టి., ఐసర్ అను విద్యాసంస్థలు రెండును నేడు మా యేర్పేటి చుట్టుప్రక్కలనే వెలసియున్నవి. ఇన్ని విద్యలు వాకిట నున్నను, ఇంటి ముంగిట నిలిచిన బండి యెట్లు నడచునో మే మెఱుగము. మా వారు ఉన్నతపాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పు నుపాధ్యాయులు. మేము వేంకటగిరిలో మా తాతగారి యొద్ద అమరమును, రఘువంశమును, భాగవతమును చదువుకొన్నవారము. యంత్రములతో మాకు గల పరిచయము కుట్టుమిషనుతోడను మిక్సీతోడను సరి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన నాటినుండి మనవంటి మధ్యతరగతి సంసారములకు కారు అందరాని పండు గాకపోయినది. దాని తయారీ 2014 జనవరిలో నిలిచిపోయినను, దాని వెనుక వచ్చిన చిన్నకార్లు నేడు వీథికి నాలుగైనను గలవు. మా వారును ఏడేండ్ల క్రిందట వేఱొకరు వాడి విడిచిన చిన్నకారు నొకదానిని కొనిరి. దానికి పెట్రోలు పోయించుటయు, పండుగనాడు పసుపు కుంకుమ లద్దుటయు తప్ప మఱి యే యుపచారమును మేము చేసి యెఱుగము.

గడచిన కార్తికమాసములో ఒకనాటి సాయంకాలము శ్రీకాళహస్తి నుండి వచ్చుచుండగా, స్టీరింగు వెనుక పలకలో ఒక చిన్న యెఱ్ఱదీపము మా కంటబడెను. పెట్టె వంటి బొమ్మ. దానిపైన రెండు పొట్టి కొమ్ములు. పెట్టెలో ఒక కూడిక గుర్తు, ఒక తీసివేత గుర్తు. ఇది యేమి దీపమని యడుగవలెనని మాట నోటిదాక వచ్చినది. నడుపువారికి తెలియదా, వంటయింటి మనిషి బండిని గూర్చి పలికినచో నవ్వుదురేమో యని మ్రింగివేసితిమి. బండి చక్కగనే పోవుచుండెను గదా!

మూడవనాటి రాత్రి పదిగంటల వేళ మా యత్తగారికి ఆయాసము పెరిగినది. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి, ఉబ్బసము పాతది. తిరుపతిలో ఆమెను చూచు వైద్యుని కడకు తీసికొనిపోవుటకై బండి యెక్కించితిమి. బయట వాన. మా వారు దీపములు వేసిరి, వైపర్లు వేసిరి, అద్దము మసకబాఱకుండ లోపలి గాలిమరయు వేసిరి. ఊరు దాటి యైదాఱు కిలోమీటర్లు పోవుసరికి ముందుదీపముల తెల్లదనము పసుపువన్నె కెక్కినది. ఆ పసుపు క్రమముగా ఎఱుపైనది. వైపర్లు ముసలివాని నడక నడచినవి. హారను గొంతు బొంగురుపోయినది. ఇంజను రెండుమాఱులు త్రుళ్లిపడి ఆగిపోయెను. తాళము త్రిప్పినచో టక్కుమను చప్పుడు తప్ప మఱేమియు లేదు.

చీకటి, వాన, ప్రక్కనుండి దూసికొనిపోవు లారీలు. వెనుకసీటులో మా యత్తగారి యూపిరి ఈలవలె మ్రోగుచున్నది. ఆమె మాటాడలేక మా చేయి పట్టుకొనిరి. మా వారు 108కు ఫోను చేయుచుండగా, మేము చెంగు నెత్తిన వేసికొని బాటప్రక్క నిలిచి సెల్‌ఫోను దీపమును ఊపసాగితిమి. దైవికముగా నొక పాలవ్యాను ఆగినది. ఆ డ్రైవరు “అవ్వను ముందర కూర్చోబెట్టండమ్మా” అని తానే చేయి యందించి మమ్ము తిరుపతికి చేర్చెను. ఆమెకు ఆక్సిజను పెట్టిరి, తెల్లవాఱుసరికి కుదుటపడిరి. “ఇంకో గంట ఆలస్యమై ఉంటే...” అని వైద్యుడు మాట సగములో విడిచెను. ఆ సగము మాట నేటికిని మాకు నిద్రలో వినవచ్చును.

మఱునాడు బండిని త్రాటితో లాగించి యొక మరమ్మతుశాలకు చేర్చిరి. “బాటరీ పోయింది సార్” అని వారు క్రొత్త బాటరీని వేసి నాలుగువేల పైచిలుకు పుచ్చుకొనిరి. బండి కదలినది, ఎఱ్ఱదీపము మాత్రము ఆఱలేదు. “అది అట్లే ఉంటుంది లెండి” అనిరట. వారము తిరుగకమునుపే మఱల అదే మూలుగు, అదే టక్కుమను చప్పుడు. ఈమాఱు “డైనమో మొత్తం మార్చాల” అని యాఱువేలు చెప్పిరి. నెలజీతము మీద నడచు సంసారమునకు ఆ మాట యెట్లుండునో మీకు చెప్పనక్కఱలేదు. మా వారు నాలుగుదినములు గడువు కోరి, దిగులుతో నింటికి వచ్చిరి.

ఆ రాత్రి మా బీరువాలోని పాత పదవతరగతి భౌతికశాస్త్ర పుస్తకమును దించితిమి. మా తాతగారు శ్లోకమును వల్లింపజేసి విడుచువారు గారు. కర్త యెవరు, కర్మ యేది, దేనిచేత, దేని కొఱకు అని ప్రశ్నించి అన్వయము చెప్పించెడివారు. ఆ పద్ధతిననే విద్యుదయస్కాంతత్వమను పాఠమును వాక్యము వాక్యముగ విడదీసికొంటిమి. తీగచుట్ట యొద్ద అయస్కాంతమును కదల్చుచున్నంతసేపు తీగలో విద్యుత్తు పుట్టును. కదలిక యాగినచో విద్యుత్తును ఆగును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సంగతి యిది. ఆయన కమ్మరి కొడుకు. లండనులో పుస్తకములకు అట్టలు కుట్టు పనిలో చేరి, కుట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివి విద్వాంసుడయ్యెను. అట్లు చదివినవానిలో జేన్ మార్సెట్ అను నొక యిల్లాలు ముఖ్యముగా స్త్రీల కొఱకు సంభాషణారూపమున వ్రాసిన రసాయనశాస్త్రగ్రంథ మొకటి. ఆ మేలును ఫారడే జీవితాంతము కృతజ్ఞతతో తలచుకొనెను. ఒక స్త్రీ ఇంటి చదువరుల కొఱకు వ్రాసిన పుస్తకము నుండి వెలిగినవానిలో ఫారడే యొకడు. ఆయన కనుగొన్న ధర్మమే మన బండి బానెట్టు క్రింద తిరుగుచున్నది. ఇది తెలిసినపుడు మాకు కొంత ధైర్యము గలిగెను.

బాటరీ యనగా నేమో మన ప్రాంతమువారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థ మన కరకంబాడిలో బాటరీలు చేయుచున్నది. ఆ పనికి పోవువారు మన యూళ్లలో నెందఱో గలరు. కాని బాటరీ గాదె మాత్రమే. ఇంజనును మేలుకొలుపుటకు సెల్ఫు మోటారునకు వలయు పెద్దమొత్తము ఆ గాదెనుండి పోవును. ఇంజను లేచిన తరువాత దీపములకు, వైపర్లకు, గాలిమరకు, ఇంజనులోని నిప్పురవ్వకు విద్యుత్తు నిచ్చి, గాదెనుండి తీసిన గింజలను మఱల నింపునది వేఱొకటి గలదు. అది ఆల్టర్నేటరు. అది మన పొలము. పొలము పండుట మానినపుడు గాదెను మార్చిన నేమి లాభము? మా క్రొత్త బాటరీ కథ యంతయు నిదియే.

లెక్కగూడ వేసికొంటిమి. ముందుదీపములు రెండును ఒక్కొక్కటి 55 వాట్లవి. కలిపి 110 వాట్లు. 12 వోల్టుల బాటరీ నుండి వానికి తొమ్మిది ఆంపియర్లకు పైగా పోవును. వైపర్లకును, గాలిమరకును, ఇంజనునకును కలిపి మఱియొక తొమ్మిదియో పదియో యనుకొందము. చిన్నకారులోని బాటరీ సామాన్యముగా 35 ఆంపియరు-గంటలది. అనగా నిండుబాటరీయైనను ఆల్టర్నేటరు సాయము లేనిదే వానరాత్రి రెండుగంటలు నడువదు. సగమైనచో గంటయు నిలువదు. మూడుదినములు ఎఱ్ఱదీపముతో తిరిగిన మా బాటరీ ఐదాఱు కిలోమీటర్లు లాగుటయే గొప్ప.

ఇక ఆ యంత్రమును వర్ణించెదము. పూర్వపు కార్లలో డైనమో యుండెడిది. ఇంజను మెల్లగా తిరుగునపుడు అది చాలినంత విద్యుత్తు నీయజాలకుండెను. 1960లో అమెరికాలో క్రైస్లరు సంస్థవారు తమ వేలియంట్ కారునకు ఆల్టర్నేటరును అమర్చిరి. పిదప క్రమముగా కార్లన్నిటికిని అదియే వచ్చినది. అయినను మన మేస్త్రీలు నేటికిని దానిని డైనమో యనియే పిలుతురు; అంగడిలో మీరును ఆ పేరే చెప్పుట మంచిది.

పాలు తోడువేసి చల్ల చిలుకు మనకు దాని తీరు సులభముగా బోధపడును. ఆల్టర్నేటరు లోపల తిరుగు భాగమును రోటరందురు, అది కవ్వము. దాని చుట్టును కదలక నుండు రాగితీగల చుట్టలను స్టేటరందురు, అది కుండ. ఇంజను చక్రమునుండి వచ్చి దానిని త్రిప్పు రబ్బరుబెల్టు కవ్వపుత్రాడు. క్షీరసాగరమథనము చదివినవారు మందరమును వాసుకిని తలచుకొన్నను సరియే. ఇంజను ఒకమాఱు తిరుగుసరికి ఈ కవ్వము రెండుమూడుమాఱులు తిరుగును. రోటరునకు గోళ్లవంటి కొనలుండును. వానిలో నొకటి ఉత్తరధ్రువమైనచో దాని ప్రక్కది దక్షిణధ్రువము. ఇవి మార్చి మార్చి తీగల ముందుగా పోవుటచే తీగలో విద్యుత్తు ఒకమాఱు ముందునకు, ఒకమాఱు వెనుకకు పాఱును. కవ్వమును ఇటు త్రిప్పి యటు త్రిప్పినట్లే గదా! కాని బాటరీకి ఒకే దిక్కున పాఱు విద్యుత్తు కావలెను. అందులకై డయోడు లను చిన్న ద్వారములు గలవు. ఒకవైపునకే తెఱచుకొను తలుపులవంటివి యవి, సామాన్యముగా ఆఱుండును. వీనిని దాటి వచ్చినది ఏకముఖమై బాటరీని చేరును.

ఇందొక విశేషము గలదు. రోటరు పుట్టు అయస్కాంతము గాదు. దాని తీగచుట్టలో కొంచెము విద్యుత్తు పోసినపుడే దానికి అయస్కాంతశక్తి పూర్ణముగా వచ్చును. తోడు లేనిదే పాలు పెరుగు కానట్లు, మొదట బాటరీ కొంత యిచ్చినగాని ఆల్టర్నేటరు పనికి పూనుకొనదు. తిరుగుచున్న దానికి విద్యుత్తు నందించుట యెట్లు? రోటరు కొననున్న రెండు రాగిబిళ్లలకు రెండు కార్బను ముక్కలు స్ప్రింగు బలముతో నొరసికొనుచుండును. వీనినే బ్రష్షులందురు. సానపై గంధపుచెక్క అరిగినట్లు ఇవి యేండ్ల తరబడి యరిగి యరిగి, ఒకనాటికి బిళ్లలను తాకకపోవును. ఆనాడు యంత్రమంతయు చెక్కుచెదరకున్నను తోడు లేని పాలకుండయే. రోటరునకు ఎంత పోయవలెనో నిర్ణయించునది రెగ్యులేటరు. ఉప్పు చూచి వేయు నిల్లాలి వంటిది. ఎక్కువైనచో బాటరీ ఉడికి చెడును, తక్కువైనచో ఆకలిగొనును. పాతబండ్లలో ఇది వోల్టులను పదునాలుగు ప్రాంతమున నిలుపును.

అటులైన మా యెఱ్ఱదీపము చెప్పిన దేమి? అది బాటరీకిని ఆల్టర్నేటరునకును నడుమ నున్నది. రెండు చెఱువులకు నడుమ కాలువ యున్నదనుకొనుడు. ఒకవైపు నీరు మీదను, ఒకవైపు క్రిందను ఉన్నపుడు కాలువ పాఱును. రెండును సమమట్టమునకు వచ్చినపుడు ఆగును. తాళము త్రిప్పినపుడు ఇంజను తిరుగదు గాన ఆల్టర్నేటరు వట్టిపోయియుండును, బాటరీ విద్యుత్తు దీపము గుండ అటు పాఱును, దీపము వెలుగును. ఇంజను లేవగానే ఆల్టర్నేటరు తానును అంతయెత్తునకు వచ్చును, పాఱుదల నిలుచును, దీపము ఆఱును. బండి నడచుచుండగా నది వెలిగినచో “నా రెండవ చెఱువు ఎండినది” యని చెప్పుట. ఇంత చిన్నమాటను అది మూడుదినములు మా యెదుట చెప్పుచునే యున్నది.

మా పిల్లల ప్రయోగముల కొఱకు కొన్న మల్టీమీటరు ఇంట నుండెను. బాటరీకి ఛార్జి పెట్టించి తెప్పించి, మీటరును డి.సి. 20 వోల్టుల కడ నిలిపి, ఎఱ్ఱకొనను కూడికగుర్తునకు, నల్లకొనను తీసివేతగుర్తునకు ఆనించితిమి. ఇంజను ఆపియున్నపుడు 12.6. ఇది నిండుబాటరీ లక్షణము. ఇంజను నడచుచుండగా 13.5 మొదలు 14.5 వఱకు చూపవలెను. మాకు చూపినది 12.2. బెల్టు బిగువుగనే యున్నది; చక్రము చక్కగనే తిరుగుచున్నది. కర్త గలడు, క్రియ గలదు, ఫలము మాత్రము లేదు. అన్వయము చెడినది నడుమ నెచ్చటనో యని తోచి, మా వారితో “డైనమో మార్చుటకు ముందు బ్రష్షులు చూపింపుదమండీ” అంటిమి. ఆయన మమ్మొకమాఱు, మీటరు నొకమాఱు చూచి సరే యనిరి.

శ్రీకాళహస్తిలో కార్ల వైరింగుపని చేయు వృద్ధమేస్త్రి యొకడు గలడని విని, పగటివేళ, దీపములు గాని గాలిమర గాని వేయక, నిండుబాటరీ మీదనే బండిని అచ్చటికి తోలించితిమి. మేము చెప్పినది విని యాతడు నవ్వలేదు. “పన్నెండే చూపిస్తా ఉండాదా? మీరే చూసినారా అమ్మా?” అని, ముందుగా బాటరీ తీసివేతకొనను విప్పి, డైనమోను దించి వెనుకమూత తీసెను. రెండు బ్రష్షులలో నొకటి చిటికెనవ్రేలి గోరంత మిగిలియున్నది, రెండవది కందిగింజంత. రాగిబిళ్లలను తుడిచి, బేరింగును చేతితో త్రిప్పి చెవి యొగ్గి విని, క్రొత్త బ్రష్షులు అతికి బిగించెను. ఇంజను లేపగా ఎఱ్ఱదీపము తటాలున ఆఱెను. మీటరు 14.1 చూపెను. కూలితో సహా నాలుగువందల యేబది రూపాయలైనవి.

అతడు పుస్తకములో లేని దొకటి మాకు నేర్పెను. “బండి మాట్లాడుతుందమ్మా. బెల్టు వదులైతే కీచుమంటాది, బేరింగు పోతే గుయ్యిమంటాది, లోపల కాలితే వాసనొస్తాది. వినేవాళ్లే లేరు” అనెను. కొలిమి కడ చదివిన చదువును గౌరవింపవలసినదే. పుస్తకము లేనిదే ఆతనిని ఏమి యడుగవలెనో మాకు తెలియకపోవును. ఆతడు లేనిదే మా పుస్తకజ్ఞానము బానెట్టు మూతవద్దనే నిలిచిపోవును.

తిరిగివచ్చునపుడు మేము దాచుకొన్న మాటను బయటపెట్టితిమి. “అత్తయ్యకు ఆయాసము వచ్చుటకు మూడుదినముల ముందే ఆ దీపము వెలుగుట చూచితిమి. అడుగుటకు జంకి మానితిమి. తప్పు మాది” అంటిమి. మా వారు చాలదూరము మాటాడలేదు. పిదప, “నేనూ చూచినాను. అదేమిటో నాకు తెలియదు. తెలియదని నీ ముందర అనడానికి నామోషీ అనిపించింది” అనిరి. చూచిరా సోదరీమణులారా! ఇరువురము చూచితిమి, ఇరువురము ఊరకుంటిమి. ఒకరికి ఆడుదానికేల యను జంకు, ఒకరికి మగవానికి తెలియకుండునా యను సిగ్గు. ఆ రెంటి నడుమ వెనుకసీటున ఒక ముసలిప్రాణము ఈలవేయుచుండెను. ఆ రాత్రి చెడినది బ్రష్షు మాత్రమే గాదు.

కావున మేము నేర్చిన నాలుగు సంగతులు మీకును చెప్పెదము. ఇవి యేవియు గంధము తీయుటకంటె కష్టమైనవి గావు.

తాళము త్రిప్పినపుడు ఎఱ్ఱదీపము వెలుగవలెను. ఇంజను లేవగానే ఆఱవలెను. రెండును చూడుడు. తాళము త్రిప్పినపుడు వెలుగనే వెలుగనిచో సంతసింపరాదు. బుడ్డి కాలియుండవచ్చును, తీగ తెగియుండవచ్చును. అప్పుడు కీడు వచ్చినను చెప్పువాడుండడు. నెలకొకమాఱు మీటరుతో కొలిచి క్యాలెండరు మీద వ్రాసికొనుడు. ఇటీవలి బండ్లలో కంప్యూటరే వోల్టులను అవసరమును బట్టి హెచ్చించి తగ్గించుచుండును గాన, వానికి ఈ 13.5, 14.5 లెక్క ప్రతిక్షణమును సరిపోకపోవచ్చును.

ఇంజను చల్లారియుండగా, తాళము తీసి, బెల్టును రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో నొక్కిచూడుడు. సెంటీమీటరు ప్రాంతము వంగినచో చాలబండ్లకు అది తగిన బిగువు. వదులైనచో జాఱి కీచుమనును. మితిమీఱి బిగించినచో బేరింగును చంపును. పగుళ్లున్నను, అంచులు పోగులు లేచినను మార్పించుడు. బాటరీ కొనలకు తుత్తమువంటి పొడి పట్టినచో వంటసోడా కలిపిన వేడినీటితో తుడిచి, ఆరిన పిమ్మట పలుచగా వాసెలిను పూయుడు. కొనలు విప్పునపుడు తీసివేతకొనను మొదట విప్పవలెను. కట్టునపుడు దానినే కడపట కట్టవలెను.

బానెట్టు తెఱచుటకు ముందు చేతిగాజులును ఉంగరములును తీసి లోపల పెట్టుడు. ఇది మన స్త్రీలకు ముఖ్యము. బంగారుగాజు కూడికకొనను, బండి యినుమును ఒకేమాఱు తాకినచో ఎఱ్ఱగా కాలి చేతి కంటుకొనును. చెంగు నడుమున దోపి, జడ ముడిచి గాని యింజను దరికి పోరాదు. తిరుగుచున్న బెల్టునకు చీరకొన దొరికినచో విడువదు. ఇంజను నడచుచుండగా బాటరీ కొనలు విప్పరాదు. డయోడులు ఒక్క పెట్టున కాలిపోవచ్చును. బండి కడుగు పిల్లవానిని ఆల్టర్నేటరు మీద నీటిగొట్టము పట్టనీయకుడు.

దారిలో దీపము వెలిగినచో బెదరవలదు. ఏసీ, గాలిమర, పాటలపెట్టె ఆపుడు. రాత్రియైనచో ముందుదీపములు మాత్రము ఆపరాదు. ఇంజను నాపినచో మఱల లేవకపోవచ్చును గాన, వెలుతురును మనుష్యులును గల చోటు చేరువఱకు ఆపకుడు. కాని వేడిని చూపు ముల్లుపై కన్నుండవలెను. కొన్ని బండ్లలో ఇంజనును చల్లబఱచు నీటిపంపును ఆ బెల్టే త్రిప్పును. బెల్టు తెగి వేడి పైకెక్కినచో వెంటనే ప్రక్కకు తీసి యాపవలసినదే. వ్యాధిగ్రస్తులు బండిలో నున్నచో ఆలోచన లేక 108కు ఫోను చేయవలెను. ఆనాడు మేము ఇల్లు కదలక మునుపే ఆ పని చేయవలసినది.

విద్యుత్తుతోనే నడచు క్రొత్తకార్లలో ఈ ఆల్టర్నేటరు లేదు; ఇంటి ప్లగ్గు నుండి నింపుకొన్న పెద్ద బాటరీయే చిన్న బాటరీకిని పెట్టుచుండును. అయినను వానికిని ఎఱ్ఱదీపములు గలవు. యంత్రము మాఱవచ్చును; చూచి, అడిగి, చెప్పవలసిన పని మాఱదు.

ఇప్పుడు మా యత్తగారు కుదురుగా నున్నారు. మాసమున కొకమాఱు తిరుపతికి వైద్యునికడకు పోవుచున్నారము. మన యిండ్లలో దీపము “ఆఱినది” యనరాదు, “కొండెక్కినది” యనవలెను గదా! మా యత్తగారు వెనుకసీటున కూర్చుండి, ఇంజను లేచిన చప్పుడు వినగానే మెడ ముందునకు చాచి మమ్మడుగుదురు: “ఏమ్మే, దీపం కొండెక్కిందా?”

“ఎక్కిందత్తయ్యా” అందుము. అప్పుడే మా వారు బండిని కదిలింతురు.